సెటప్ చేయని గిటార్ సగం గిటారే

కొత్తగా గిటార్ నేర్చుకోవాలనుకునేవాళ్లు, పిల్లలకి కొనిపెట్టాలనుకునే తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి మాట "ఏ మోడల్ తీసుకోమంటారు?" అని. యమహానా, కోర్టా, ఐబనెజా, ఆన్‌లైన్లో సగం ధరకి వస్తున్న పేరు తెలియని కంపెనీదైతే ఏమవుతుంది, ఇలా. మోడళ్ల సంగతి చెప్తాను, నాకు ఇష్టమైనవి చాలానే ఉన్నాయి. కానీ ముందు నేను అడిగేది వేరు. మీ ఊళ్లో గిటార్ సెటప్ చేసే, అంటే తీగల ఎత్తూ మెడా సరిచేసి వాయించడానికి వీలుగా చేసే మనిషి ఉన్న షాపు ఎక్కడుంది? అలాంటి షాపు ఉంటే వెయ్యో రెండు వేలో ఎక్కువైనా సరే అక్కడే కొనండి. చిన్న వ్యాపారుల మీద జాలితో ఈ మాట అనట్లేదు. గిటార్ పనిచేసే తీరే అలాంటిది.

గిటార్ మొదలుపెట్టి రెండు మూడు నెలల్లో మానేసినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. అందరూ చెప్పేది ఒకటే: వేళ్లు మంట, ఎఫ్ కార్డ్ (కార్డ్ అంటే ఒకేసారి పలికించే కొన్ని స్వరాలు) పడలేదు, నాకు సంగీతం రాదులే. ఈ చివరి మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వాళ్ల గిటార్ చేతిలోకి తీసుకుని చూస్తే చాలాసార్లు తప్పు వేళ్లలో ఉండదు, తీగల ఎత్తులో ఉంటుంది.

విశాఖపట్నంలో నేను తరచూ వెళ్లే షాపు పెద్దదేమీ కాదు. గోడకి గిటార్లు, కింద కీబోర్డులు, గాజు బీరువాలో మౌతార్గన్లు, తీగల ప్యాకెట్లు, ఓ మూల హార్మోనియంలు. వెనకవైపు ట్యూబ్‌లైట్ కింద ఒక బల్ల ఉంటుంది. ఆ బల్ల దగ్గర పనిచేసే ఆయన్ని అందరం మాస్టారూ అంటాం. కొత్త గిటార్ పెట్టెలోంచి తీయగానే ఆయన చేసే మొదటి పని, తీగని మూడో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర నొక్కిపట్టి మొదటి ఫ్రెట్ మీద సందు చూడటం. అక్కడ తీగకీ ఫ్రెట్‌కీ మధ్య వెంట్రుకంత ఖాళీ ఉంటే చాలు. చవక గిటార్లలో చాలావాటికి ఇక్కడే ఖాళీ బాగా ఎక్కువ ఉంటుంది, అంటే నట్ మీద, మెడ పై చివర తీగలు ఆనే పట్టీ మీద, గాడులు లోతుగా కొయ్యలేదన్నమాట. ఫ్యాక్టరీలో గాడి ఎక్కువ కోసేస్తే ఆ నట్ పనికిరాదు, తక్కువ కోస్తే కొనేవాడు ఎలాగోలా పడతాడు. అందుకని తక్కువే కోసి పంపేస్తారు. మాస్టారు తీగ లావుకి సరిపడే సన్నని ఆకురాయి తీసుకుని, వెనక్కి కొంచెం వాలుగా, రెండు మూడు సార్లు రాస్తారు, తీగ మళ్లీ గాడిలో పెట్టి చూస్తారు, మళ్లీ రాస్తారు. చివర్లో పెన్సిల్‌తో గాడిలో గీస్తారు, తీగ ట్యూన్ చేసేటప్పుడు పట్టేయకుండా. ఆరు తీగలకీ ఇదే వరస.

తర్వాత పన్నెండో ఫ్రెట్. అక్కడ లావు తీగ కింద 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే అకూస్టిక్ గిటార్ హాయిగా పలుకుతుంది. పెట్టెలోంచి తీసిన గిటార్లలో అది 3.5, ఒక్కోసారి 4 కూడా ఉంటుంది. చదివితే ఒక మిల్లీమీటరే కదా అనిపిస్తుంది, కానీ స్టీల్ తీగల మీద ఎనిమిదో తరగతి పిల్ల వేలికి ఆ మిల్లీమీటరే నేర్చుకోవడానికీ మానేయడానికీ మధ్య తేడా. దాన్ని తగ్గించాలంటే తీగల్ని పైపలకకి బిగించే బ్రిడ్జి మీద, వాటిని ఎత్తి ఉంచే పట్టీ అయిన సాడిల్‌ని బయటికి తీసి అడుగుభాగం సాండ్ పేపర్ మీద అరగదీయాలి, పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎంత తగ్గాలో దానికి రెట్టింపు. మెడ వంగి ఉంటే లోపల ఉండే లోహపు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ని ఆలెన్ కీతో పావు చుట్టు తిప్పి చూడాలి. ఒకేసారి అంతకన్నా ఎక్కువ తిప్పకూడదు.

నొప్పి ఒక్కటే అయితే ఓర్చుకోమని చెప్పొచ్చు. అసలు నష్టం శ్రుతిలో జరుగుతుంది. తీగ ఎత్తుగా ఉంటే నొక్కినప్పుడు సాగుతుంది, సాగితే స్వరం పైకి పోతుంది. శ్రుతి చూపించే ట్యూనర్‌లో ఆరు తీగలూ పచ్చగా వెలుగుతాయి, సి కార్డ్ పట్టగానే ఏదో తేడాగా వినిపిస్తుంది. చెవి బాగా ఉన్న పిల్లలకే ఇది ముందుగా తెలుస్తుంది. వాళ్లు తప్పు తమదే అనుకుంటారు. సంగీతానికి పుట్టిన చెవి ఉన్న పిల్లల్ని సంగీతానికి దూరం చేసేది ఇదే, దీనికి మందు అరగంట పనీ కొన్ని వందల రూపాయలూ. నేను ఇంత గట్టిగా మాట్లాడేది అందుకే.

మన వాద్యాల విషయంలో ఈ సంగతి మనకి ఎప్పట్నించో తెలుసు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్లు తరతరాలుగా వీణలు చేస్తున్నారు, పనస చెక్కతో. కుండా దండీ ఒకే దుంగలోంచి తొలిచి తీసే ఏకాండి వీణకి ఆ ఊరు పెట్టింది పేరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ వీణ మీద 24 మెట్లనీ మైనంలో, బొగ్గుపొడి కలిపిన నల్లటి మైనంలో, చెవితో వింటూ ఒక్కొక్కటీ నిలబెడతారు. వేసవిలో మైనం మెత్తబడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ మెట్లు అరుగుతాయి, మళ్లీ కట్టించుకోవాలి. వీణ ఉన్న ఏ ఇంట్లోనూ దీన్ని వింతగా చూడరు. మృదంగం సంగతీ అంతే. ఎడమవైపు కచేరీకి ముందు బొంబాయి రవ్వ ముద్ద అద్దాలి, వార్లు బిగించాలి, కొన్నాళ్లకి మూత మార్పించాలి, అది చేసే మనిషి ఎక్కడుంటాడో విద్వాంసుడికి తెలిసి ఉంటుంది. వయొలిన్ కొరియర్లో వస్తే బ్రిడ్జి విడిగా ఉంటుంది, ఖర్మ కాలితే లోపల నిలబెట్టే చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, పడిపోయి ఉంటుంది. దాన్ని నిలబెట్టడం ఇంట్లో ఎవరివల్లా అయ్యే పని కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పెరిగిన ఊరు మాది, వయొలిన్‌ని మనది చేసుకున్న నేల ఇది. ఇంత తెలిసిన మనం గిటార్ దగ్గరికి వచ్చేసరికి దాన్ని మిక్సీ కొన్నట్టు కొంటున్నాం, పెట్టె విప్పి స్విచ్ వేస్తే తిరుగుతుందని.

ఇప్పుడు నా ఇష్టాలు.

అకూస్టిక్‌లో ఇప్పటికీ నేను మొదట చూపించేది యమహా ఎఫ్280. పైపలక లామినేట్, అంటే పొరలు అతికించిన చెక్క. గిటార్ గురించి కాస్త చదివినవాళ్లు వెంటనే "సాలిడ్ టాప్ కాదా?" అని మొహం పెడతారు. సాలిడ్ టాప్, అంటే పొరలు లేని ఒకే చెక్క పైపలక, బాగా పలుకుతుంది, వాడేకొద్దీ ఇంకా విప్పుకుంటుంది, కాదనను. కానీ మాది సముద్రం ఒడ్డు ఊరు. గాలిలో తేమకి చెక్క ఉబ్బుతుంది, పైపలక బ్రిడ్జి దగ్గర పొట్టలా పైకి లేస్తుంది, దాంతో తీగలూ లేస్తాయి. తర్వాత ఎవరో ఏసీ గదిలో పెడతారు, అక్కడ ఆరిపోతుంది. స్టీల్ తీగలు లైట్ గేజ్ (గేజ్ అంటే తీగ లావు) సెట్ అయితే ఆరూ కలిపి డెబ్బై కిలోలకి పైగా బరువుతో ఆ పలకని లాగుతూనే ఉంటాయి, పగలూ రాత్రీ. మొదటి గిటార్‌ని ఎవరూ కంటికి రెప్పలా చూసుకోరు, మంచం మీద పడేస్తారు, కిటికీ పక్కన వదిలేస్తారు. వాళ్లకి లామినేటే మంచిది. పెట్టెలో వచ్చిన తీగల బదులు కొత్తవాళ్లకి 10 గేజ్ ఎక్స్‌ట్రా లైట్ వేయించమంటాను, వేళ్లకీ గిటార్‌కీ కూడా హాయి.

చిన్న పిల్లలకైతే స్టీల్ తీగలే వద్దు. యమహా సి40 లాంటి నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ చూడండి, చేతులు మరీ చిన్నవైతే అందులోనే చిన్న సైజు ఉంది. మెడ వెడల్పు, నట్ దగ్గర 52 మిల్లీమీటర్లు, కానీ తీగలు మెత్తన. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, సౌండ్ తక్కువగా ఉందని నైలాన్ గిటార్‌కి స్టీల్ తీగలు వేస్తే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది. పాత గిటార్లంటే చిన్నచూపు కూడా అక్కర్లేదు. కలకత్తాలో తయారైన గివ్‌సన్ మీద నేర్చుకుని స్టేజీ ఎక్కినవాళ్లు మన దగ్గర బోలెడుమంది. అలాంటిదొకటి ఎవరింట్లోనో ఉంటే మెడ నిటారుగా ఉందో లేదో చూపించుకుని సరిచేయించుకోండి.

ఇక బేస్, లావు తీగలతో మంద్ర స్వరాలు పలికే గిటార్. ఆ షాపులో ఒక్క వాద్యం నాకిస్తామంటే నేను తీసుకునేది గోడకి కుడివైపు చివర వేలాడే నల్లటి స్క్వయర్ (ఫెండర్ కంపెనీ చవక బ్రాండ్) ప్రెసిషన్ బేస్. మామూలు గిటార్ తీగ నట్ నుంచి బ్రిడ్జి దాకా 25.5 అంగుళాలుంటే దీనికి 34. ఎత్తితే భుజానికి బరువు తెలుస్తుంది. ఫ్రెట్‌బోర్డ్ మీద వేలితో రాస్తే సన్నటి గీతలు తగులుతాయి, పాలిష్ వేయని ముదురు గోధుమరంగు చెక్క. దాన్ని కంపెనీవాళ్లు ఇండియన్ లారెల్ అంటారు, మన నల్లమద్దే. మన తూర్పు కనుమల్లో పెరిగే జాతి చెక్క ప్రపంచమంతా ఈ బేస్‌ల మీద వేళ్ల కింద ఉంటోంది. అంతకుముందు ఆ చోట ఎక్కువగా రోజ్‌వుడ్ ఉండేది. బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపేశాక 1969 నుంచి అమెరికాలో మార్టిన్ కంపెనీ కూడా తన గిటార్లకి భారతదేశపు రోజ్‌వుడ్‌కే మారింది. 2017లో రోజ్‌వుడ్ జాతి మొత్తం మీద అంతర్జాతీయ వాణిజ్య నిబంధనలు వచ్చేసరికి కంపెనీలు వేరే చెక్కలు వెతుక్కున్నాయి. తయారైన వాద్యాలకి 2019లో మినహాయింపు దొరికింది కానీ చవక మోడళ్ల మీద నల్లమద్ది అలా ఉండిపోయింది. నాకైతే అదే ఇష్టం.

ప్రెసిషన్ బేస్ పుట్టుక కూడా నా వాదనకి బలమే. లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు నడిపిన మనిషి. ఆయనకి గిటార్ వాయించడం రాదు. షాపుకి వచ్చిపోయే వాద్యగాళ్లు ఏం ఇబ్బంది పడుతున్నారో విని, మనిషెత్తు డబుల్ బేస్‌ని మోసుకు తిరగలేక, స్టేజి మీద వినపడక వాళ్లు పడే పాట్లు చూసి, 1951లో ఈ బేస్ తెచ్చాడు. ఫ్రెట్లు ఉంటాయి కాబట్టి స్వరం కచ్చితంగా పడుతుంది, పేరూ అలాగే పెట్టాడు. రిపేరు బల్ల దగ్గర కూర్చున్నవాడు వాద్యగాడి మాట వింటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలీదు.

బేస్‌ని ఆన్‌లైన్లో వీడియో చూసి కొనకూడదని నేను ప్రత్యేకంగా ఎందుకంటానంటే, దాని లావు తీగ ఇ స్వరం 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ కింద దాదాపు మూగది. ఫోన్లో మీరు వినేది ఆ స్వరం తాలూకు పై పౌనఃపున్యాలు, అసలు స్వరాన్ని మీ బుర్ర ఊహించుకుంటుంది. రెండు బేస్‌ల మధ్య తేడా ఎక్కడుందో ఫోన్ మీకు వినిపించలేదు. షాపులో మామూలు ఆంప్‌కి, అంటే ధ్వని పెంచే పెట్టెకి, తగిలించి ఒక్క తీగ లాగితే ఛాతీకి తెలుస్తుంది. మన తరం పాటల్ని ఫోన్లోనే వింటోంది కాబట్టి పాటలో బేస్ అనేది ఒకటుందని తెలియని పిల్లలు తయారవుతున్నారు, ఇది చిన్న నష్టం కాదు. ఇళయరాజా 1980ల పాటలు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గాత్రం వదిలేసి కింద నడిచే బేస్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి. అది తాళానికి తోడుగా ఉండేది కాదు, పాట కింద ఇంకో పాట.

మా వైపు బేస్ ఇంకా బతికి ఉందంటే సగం పుణ్యం చర్చిలది. కోస్తా ఊళ్లలో ఆదివారం ఆరాధనకి కీబోర్డు, ప్యాడ్స్, బేస్ ఉండాల్సిందే, అందుకే షాపుకి బేస్ తీగలు అడుగుతూ వచ్చేవాళ్లలో ఎక్కువమంది చర్చి కుర్రాళ్లే. మిగతా సగం ఆర్కెస్ట్రా వాళ్లది. మ్యూజిక్ స్కూల్‌కి వెళ్లే పిల్లల్లో బేస్ నేర్చుకుంటానని అడిగేవాళ్లు చాలా అరుదు. నాలుగే తీగలు, నొక్కే వేళ్లకి కార్డుల గొడవ లేదు, తాళం గట్టిగా ఉన్న పిల్లలు నెల తిరక్కుండా నలుగురితో కలిసి వాయించగలరు. చేతులు చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్‌లున్నాయి. గిటార్ నేర్చుకోవాలని వచ్చిన పిల్లల చేతికి ఒక్కసారైనా బేస్ ఇచ్చి చూడమని నేను ప్రతి టీచర్‌నీ అడుగుతాను.

మాండలిన్ సంగతి చెప్పకపోతే మనసొప్పదు. షాపుల్లో ఇవి ఒకటో రెండో ఉంటాయి, దుమ్ము పట్టి. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఈ వాద్యం పట్టుకుని కర్ణాటక సంగీతపు కచేరీ వేదిక ఎక్కాడు. జంట తీగల మీద గమకం పలకదు, రెండు తీగల్ని ఒకే కొలతలో లాగడం కుదరదు. అందుకని జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, మంద్రానికి ఐదో తీగ చేర్చుకున్నాడు, మెరుగైన ధ్వని కోసం ఎలక్ట్రిక్ మాండలిన్‌కి వెళ్లాడు. 2014లో నలభై ఐదేళ్లకే పోయాడు. ఆయన పుట్టిన రాష్ట్రంలో ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ కొందామని షాపుకి వెళ్తే గోడ మీద కనపడదు, ఎవరిచేతైనా చేయించుకోవాలి. దీనికి నాకు కోపమే వస్తుంది.

కీబోర్డుల్లో యమహా పీఎస్సార్-ఐ500 బాగుంటుంది, మన దేశం కోసం చేసిన మోడల్, రియాజ్ అనే బటన్ నొక్కితే తాన్పురా, తబలా వస్తాయి, సాధనకి పనికొస్తుంది. కంపెనీ 2019 నుంచి చెన్నై దగ్గర ఫ్యాక్టరీలో కీబోర్డులు, గిటార్లు చేస్తోంది. కీబోర్డుకి సెటప్ అక్కర్లేదు కాబట్టి నా వాదన దీనికి వర్తించదు, ఎక్కడ చవకైతే అక్కడ కొనుక్కోండి.

హార్మోనియం మాత్రం చూసి, పట్టి, గాలి కొట్టి కొనాలి. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని గడప తొక్కనివ్వలేదు, అయినా మన పద్య నాటకం హార్మోనియం లేకుండా ఒక్క రాత్రి నడవలేదు. కొనేటప్పుడు అన్ని స్టాపులూ మూసి బెల్లోస్ నొక్కి చూడండి, గాలి ఎక్కడా కారకూడదు. తర్వాత ఒక్కో మెట్టూ మెల్లగా పలికించండి, తక్కువ గాలికే రీడ్ పలకాలి. వెబ్‌సైట్లో ఫోటో ఇవేవీ చెప్పదు.

నా మాటకి ఎదురు చెప్పేవాళ్ల దగ్గర న్యాయం లేకపోలేదు. షాపులో ధర ఎక్కువ, స్టాకు తక్కువ, ఎడమచేతి వాటం గిటార్ అడిగితే "కుడిచేత్తోనే నేర్పించండి సార్" అంటారు. కొన్ని షాపుల్లో "ముట్టుకోరాదు" అని బోర్డు, తీగలు తుప్పు పట్టి ఉంటాయి, బ్యాగూ బెల్టూ పిక్కులూ ఫ్రీ అని నసపెట్టి అమ్ముతారే తప్ప నట్ గురించి అడిగితే మొహం చూస్తారు. ఇలాంటి షాపు, ఆన్‌లైన్ పెట్టె రెండూ ఒకటే, కాబట్టి అక్కడ ఎక్కువ డబ్బు ఇవ్వమని నేను ఎవరికీ చెప్పను. షాపు తన ధరకి తగిన పని చేయాలి. అమ్మే ప్రతి గిటార్‌కీ నట్, సాడిల్ చూసి ఇవ్వాలి, రెండు మూడు నెలల తర్వాత చెక్క కుదురుకున్నాక మళ్లీ తెమ్మని చెప్పి ఉచితంగా సరిచేయాలి. కొనేవాళ్లు కూడా అడగడం నేర్చుకోవాలి. "సెటప్ చేసి ఇస్తారా, ఎవరు చేస్తారు, నేను చూడొచ్చా" అని అడగండి, సమాధానం నసిగితే బయటికి వచ్చేయండి. ఆన్‌లైన్లోనే కొనేశారా, ఫరవాలేదు, ఆ గిటార్‌నే మంచి బల్ల దగ్గరికి తీసుకెళ్లి పనికి డబ్బులివ్వండి. మాస్టారు ఎక్కడ కొన్నావని ఎవర్నీ అడగరు.

మా షాపు ఓనరుతో నాకున్న పేచీ ఒక్కటే. బేస్‌ని అంత ఎత్తున, నిచ్చెన వేస్తే తప్ప అందని చోట ఎందుకు పెట్టారని అడిగాను. "కొనేవాళ్లు లేరండీ" అన్నారు. కిందికి దించి, ఆంప్‌కి తగిలించి, తలుపు పక్కన స్టాండ్ మీద పెట్టమన్నాను, వచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ ఒక్క తీగైనా లాగి చూసేలా. వినని వాద్యాన్ని ఎవరు కొంటారు?